ఒక గుర్రానికి ఉన్నది ఒక్క హార్స్‌పవరా, పదిహేనా?

కోనసీమ_కుర్రాడు

అందరికీ నమస్కారం. నేను మెకానికల్ మూడో ఏడాది చదువుతున్నాను. ఈ మధ్య మా హాస్టల్లో ఒక వాదన మొదలై ఇంకా తెగడం లేదు.

1 హార్స్‌పవర్ అంటే 746 వాట్లు అని పుస్తకంలో ఉంది. మా రూమ్మేట్ చూపించిన వీడియోలో మాత్రం నిజమైన గుర్రం దాదాపు 15 హార్స్‌పవర్ ఇస్తుందనీ, జేమ్స్ వాట్ లెక్క తప్పనీ చెప్పారు. ఇంకో చోట దీనికి పూర్తి వ్యతిరేకంగా ఉంది. వాట్ తన ఇంజన్లు అమ్ముకోవడానికి అంకె పెంచాడట, మామూలు గుర్రం ఒక్క హార్స్‌పవర్ కూడా ఇవ్వలేదట. గుర్రం అదే, అంకెలు మాత్రం ఇంత తేడా. ఎవరి మాట నమ్మాలి? ఫార్ములా మాకు తెలుసు కాబట్టి దాంతో సరిపెట్టకండి. అసలు ఏ గుర్రాన్ని, ఎలా కొలిచారో తెలిసినవాళ్లు చెప్పండి.

లెక్కల_మాస్టారు

బాబూ, రెండు వైపులా కొంత నిజం ఉంది. ఎంతసేపు లాగాలో చెప్పకుండా గుర్రం శక్తి ఎంత అని అడిగితే ఏ అంకె చెప్పినా ఎవరో ఒకరు కాదంటారు. ముందు వాట్ ఏం లెక్క వేశాడో చూద్దాం.

1782లో ఆయన రాసుకున్న లెక్క ఇది. మిల్లు తిప్పే గుర్రం 24 అడుగుల వ్యాసం ఉన్న బాటలో గుండ్రంగా నడుస్తుంది. నిమిషానికి రెండున్నర చుట్లు తిరుగుతుంది. 180 పౌండ్ల బలంతో లాగుతుంది. చుట్టుకొలత కోసం వ్యాసాన్ని మూడింతలు చేసి 72 అడుగులు అనుకున్నాడు. రెండున్నర చుట్లకు 180 అడుగులు. 180ని 180తో గుణిస్తే నిమిషానికి 32,400 ఫుట్ పౌండ్లు (ఒక పౌండు బరువును ఒక అడుగు ఎత్తే పని ఒక ఫుట్ పౌండ్). మరుసటి ఏడాది దాన్ని 33,000 చేసి స్థిరపరిచాడు. సెకనుకు 550 ఫుట్ పౌండ్లు అని మనం చదువుకునేది అదే. వాట్లలో 745.7.

ఇప్పుడు ఆ గుర్రం ఎలా నడుస్తోందో ఊహించు. 180 పౌండ్లంటే 82 కిలోల బరువును మోసినంత బలం. నిమిషానికి 180 అడుగులంటే గంటకు 3.3 కిలోమీటర్లు. మనం కూరల సంచీ పట్టుకుని నడిచే వేగం కూడా కాదు. పొద్దున కట్టిన గుర్రం తన వంతు పూర్తయ్యేదాకా ఆగకుండా, రేపు మళ్లీ పనికొచ్చేలా లాగే లెక్క ఇది. దాని పూర్తి బలం ఎంతో వాట్ కొలవలేదు. ఆయనకు ఆ అవసరం లేదు.

సూటిమాట

మాస్టారూ, నేను వేరే కథ చదివాను. బొగ్గు గనుల్లో పొట్టి గుర్రాలు నిమిషానికి 22,000 ఫుట్ పౌండ్ల పని చేస్తుంటే చూసి, పెద్ద గుర్రానికి సగం ఎక్కువ ఉంటుందని 33,000 చేశాడని. 22,000కు సగం కలిపితే సరిగ్గా 33,000 వస్తుంది కదా. అలాంటప్పుడు ఇది కొలత ఎలా అవుతుంది, అంచనా అవుతుంది గానీ.

లెక్కల_మాస్టారు

ఆ కథ చాలా పుస్తకాల్లో ఉంది. అంకెలు అంత చక్కగా కుదరడమే నాకు అనుమానం. మిల్లు గుర్రం లెక్కలో వ్యాసం, చుట్లు, బలం విడివిడిగా ఉన్నాయి, ఎవరైనా సరిచూడవచ్చు. పై విలువ 3.14 పెట్టి నువ్వే వేసి చూడు, 33,900 దాటుతుంది. 3 పెడితే 32,400. ఆ రెంటికీ మధ్య 33,000 ఎంచుకోవడంలో నాకు మోసం కనిపించదు. 180 పౌండ్ల దగ్గర మాత్రం అంచనా ఉంది, అది ఒప్పుకోవాలి. మిల్లు పని తెలిసినవాళ్లు చెప్పిన అంకె అది.

చరిత్రప్రియ

వాట్ అమ్మకాల కోసం పెంచాడు అనే మాట మీద కొంచెం ఆగుదాం. డబ్బు ఏ వైపు నుంచి వచ్చేదో చూడకుండా ఆ మాట అనేస్తుంటారు.

వాట్, బౌల్టన్ 1775 నుంచి భాగస్వాములు. మొదట్లో వాళ్ల ఇంజన్లు గనుల్లో నీళ్లు తోడేవి. అక్కడ అప్పటికే న్యూకమెన్ అనే పాత రకం ఆవిరి ఇంజన్లు ఉండేవి. కొత్త ఇంజన్ వల్ల ఎంత బొగ్గు మిగిలిందో లెక్కగట్టి, ఆ మిగులులో మూడో వంతు తమకు ఇమ్మనేవారు. గనుల్లో అది బాగానే నడిచింది. తర్వాత చక్రం తిప్పే ఇంజన్ వచ్చింది. దాన్ని కొనేవాళ్లు పిండి మిల్లులవాళ్లు, బీరు తయారీదారులు. వాళ్ల దగ్గర పాత ఇంజనే లేదు, ఉన్నవి గుర్రాలు. మరి దేనితో పోల్చి డబ్బు అడగాలి? అందుకే హార్స్‌పవర్‌కు ఇంత అని ఏడాది రుసుము పెట్టారు. లండన్‌లో 6 పౌండ్లు, బయట 5 పౌండ్లు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక గుర్రం లెక్కను పెద్దది చేస్తే అదే ఇంజన్‌కు తక్కువ హార్స్‌పవర్లు వస్తాయి, రుసుమూ తగ్గుతుంది. గుర్రాన్ని పెంచి చూపిస్తే వాట్ జేబుకే నష్టం. ఆయనకు దొరికే లాభం వేరే: పది గుర్రాల ఇంజన్ అని అమ్మితే పది గుర్రాలకు తక్కువ పని చేసిందని కొన్నవాడు గొడవకు రాడు. వ్యాపారంలో అది పెద్ద విషయమే. దాన్ని మోసం అనడం మాత్రం నాకు అన్యాయంగా తోస్తుంది.

పైగా ఆ కాలంలో ఇంజనీర్లు ఒక్కొక్కరు ఒక్కో అంకె చెప్పేవారు. స్మీటన్ నిమిషానికి 22,916 ఫుట్ పౌండ్లు అన్నాడు. అంతకు ముందు డెసాగ్యులియర్స్ 44,000 అన్నాడు. వాట్ అంకె రెంటికీ మధ్యలో పడింది.

కోనసీమ_కుర్రాడు

రుసుము సంగతి మాకెవరూ చెప్పలేదు అక్కా! దీన్ని రేపు మా వాళ్ల ముందు పెడతాను. మరి ఆ 15 అంకె ఎక్కడిది?

పశువైద్యం

దీనికి నేను చెబుతాను. అమెరికాలో అయోవా రాష్ట్రపు సంతలో 1926లో గుర్రాల లాగుడు పోటీలు జరిగాయి. అక్కడ లాగే బలాన్ని డైనమోమీటర్‌తో కొలిచి నమోదు చేశారు. ఆ పాత అంకెలను తీసుకుని స్టీవెన్సన్, వాసర్‌సుగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1993లో నేచర్ పత్రికలో చిన్న వ్యాసం రాశారు. ఒక్కో గుర్రం అత్యధికంగా 14.9 హార్స్‌పవర్ ఇచ్చిందని వాళ్ల లెక్క. అంటే 11 కిలోవాట్ల పైన. అయితే అది కొద్ది సెకన్లపాటే. అదే వ్యాసంలో, చాలాసేపు చేసే పనికి గుర్రానికి సుమారు ఒక హార్స్‌పవర్ అన్న పాత సలహా సరైనదే అని కూడా ఉంది. వీడియోలవాళ్లు మొదటి వాక్యం తీసుకుని రెండోది వదిలేస్తారు. నాకు బాధ కలిగించేది అదే.

ఈ తేడా ఎందుకంటే కండరానికి శక్తి మూడు దారుల్లో అందుతుంది. కండరంలో ముందే సిద్ధంగా ఉన్న ఏటీపీ, క్రియాటిన్ ఫాస్ఫేట్ కొన్ని సెకన్లకు సరిపోతాయి. తర్వాత గ్లైకోజెన్‌ను, అంటే కండరంలో నిల్వ ఉన్న పిండిపదార్థాన్ని, ఆక్సిజన్ లేకుండా కరిగించి ఇంకాసేపు నెట్టుకురావచ్చు, కానీ కండరం త్వరగా అలిసిపోతుంది. ఆ పైన ఊపిరితిత్తులు, గుండె ఎంత ఆక్సిజన్ అందిస్తాయో అంతే పని. రోజంతా చేసే పనికి అందులోనూ కొంత భాగమే వాడుకోగలదు. లేదంటే ఒళ్లు వేడెక్కి, నీరు తగ్గి, మర్నాడు లేవదు.

పని గుర్రాలకు పాత లెక్క ఒకటి ఉంది: తన బరువులో పదో వంతు బలంతో, గంటకు నాలుగు కిలోమీటర్ల నడకతో రోజంతా లాగగలదని. 700 కిలోల గుర్రానికి వేసి చూడండి. 70 కిలోల బలం, సెకనుకు 1.1 మీటర్లు. గుణిస్తే 77. యూరప్ లెక్కలో హార్స్‌పవర్ అంటే 75 కిలోలను సెకనులో ఒక మీటరు ఎత్తడం. దాదాపు అక్కడే వచ్చి ఆగింది. వాట్ కాలపు గుర్రాల్లో చాలా వాటికి అంత బరువు ఉండేది కాదు, అందుకే అంకె వాటికి కాస్త ఎక్కువ. షైర్, పెర్షెరాన్ లాంటి భారీ జాతుల మంచి గుర్రానికి సరిగ్గా సరిపోతుంది.

సూటిమాట

అయితే డాక్టర్ గారూ, ఈ లాగుడు గుర్రాలు సరే. రేసు గుర్రం సంగతేంటి? రేసు సాగేది రెండు నిమిషాలే కదా, సెకన్లూ కాదు, రోజంతా కాదు.

పశువైద్యం

మంచి ప్రశ్న. ఇది శరీరం వైపు నుంచి లెక్కిద్దాం.

బాగా తయారైన థరోబ్రెడ్ గుర్రం కిలో బరువుకు నిమిషానికి 150 మిల్లీలీటర్లు లేదా అంతకు మించి ఆక్సిజన్ వాడగలదు. ప్రపంచ స్థాయి మనిషికి అది 80 దగ్గర ఆగుతుంది. గుర్రానికి ఒక విశేషం ఉంది. పరుగు మొదలవగానే దాని ప్లీహం ముడుచుకుని, దాచిపెట్టుకున్న ఎర్ర కణాలను రక్తంలోకి వదులుతుంది. విశ్రాంతిలో రక్తంలో 40 శాతం దగ్గర ఉండే కణాల వాటా 60 శాతం దాటిపోతుంది. గుండె నిమిషానికి 35 నుంచి 220 పైకి వెళ్తుంది. ఈ జీవిని చూసినప్పుడల్లా నాకు గౌరవం పెరుగుతుంది.

500 కిలోల గుర్రం నిమిషానికి 75 లీటర్ల ఆక్సిజన్ వాడితే, లీటరుకు 20 కిలోజౌళ్ల చొప్పున 25 కిలోవాట్లు ఖర్చవుతుంది. అందులో ఐదో వంతు నుంచి నాలుగో వంతు దాకా కండరాల పనిగా మారుతుంది, మిగతాది వేడి. అంటే 5, 6 కిలోవాట్లు, 7 లేదా 8 హార్స్‌పవర్. సెకన్లలో 15, నిమిషాల్లో 7, 8, పూట పనిలో 1. మెట్లలా దిగిపోతుంది చూడండి. అయితే పరుగులో ఆ పని తన ఒంటిని ముందుకు తోయడానికే పోతుంది, ఎవరి బండీ కదలదు.

మనిషికీ అంతే. 2009లో బెర్లిన్‌లో బోల్ట్ 9.58 సెకన్లలో పరుగెత్తినప్పుడు, మొదటి సెకను కూడా ముగియక ముందే 2,600 వాట్లు, అంటే 3.5 హార్స్‌పవర్ చేరాడని భౌతిక శాస్త్రవేత్తలు లెక్క కట్టారు. రోజు కూలీకి వెళ్లే మనిషి పొద్దంతా ఇచ్చేది 75 వాట్లు. హార్స్‌పవర్‌లో పదో వంతు.

మోటార్_వైండింగ్

నమస్తే. నాది మోటార్లు, పంపుసెట్లు రిపేరు చేసే షాపు. మా ఊళ్లో హెచ్‌పీ అనే మాట లేకుండా ఒక్క రైతూ మాట్లాడడు. మూడు హెచ్‌పీ, ఐదు హెచ్‌పీ, ఏడున్నర. ఈ చర్చ చదువుతుంటే నాకు రోజూ చేతిలో ఉండే నేమ్‌ప్లేటే గుర్తొచ్చింది.

ఐదు హెచ్‌పీ మోటారు ప్లేటు మీద 3.7 కిలోవాట్ అని ఉంటుంది. పక్కనే డ్యూటీ ఎస్1 అని ఉంటుంది, దాన్ని ఎవరూ చూడరు. ఎస్1 అంటే ఆపకుండా నడిపినా తట్టుకుంటుందని. షాఫ్ట్ మీద ఐదు హెచ్‌పీ గంటలకొద్దీ ఇవ్వగలదు, వైండింగ్ వేడి హద్దు దాటదు. కానీ ఆ మోటారు గరిష్ట బలం ఐదే అనుకోకండి. లోడు ఒక్కసారి పెరిగితే కాసేపు రెండింతల టార్క్ (తిప్పే బలం) కూడా ఇస్తుంది, ఆగిపోదు. అలాగే నడిపితే వైండింగ్ కాలిపోయి నా షాపుకు వస్తుంది.

డాక్టర్ గారు గుర్రం గురించి చెప్పింది ఇదే. వేడి, అలసట ఎక్కడ మొదలవుతాయో అంతవరకే ప్లేటు మీద వేసే అంకె. వాట్ గుర్రానికి కొట్టింది ఎస్1 ప్లేటు. అయోవా పోటీల్లో చూసింది ఓవర్‌లోడు.

లెక్కల_మాస్టారు

ఇంతకన్నా బాగా క్లాసులో చెప్పలేను. మీ అనుమతితో దీన్ని మా పిల్లలకు చెబుతాను.

డెట్రాయిట్_తెలుగు

నేను ఇక్కడ మిచిగాన్‌లో వాహనాల ఇంజన్ టెస్టింగ్‌లో పని చేస్తున్నాను. మోటార్ అన్న చెప్పినదానికి ఒకటి చేర్చాలి, ఎందుకంటే కార్ల దగ్గర ఇది తలకిందులవుతుంది.

కారు బ్రోషర్‌లో 85 హార్స్‌పవర్, 6,000 ఆర్‌పీఎం అని ఉంటే అది గరిష్టం. ఆ ఒక్క వేగం దగ్గర, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు మాత్రమే. హైవే మీద గంటకు 100 కిలోమీటర్ల వేగంతో నిలకడగా పోయే చిన్న కారుకు ఎంత కావాలో చూడండి. 1,100 కిలోల కారుకు గాలి అడ్డుపడే బలం 310 న్యూటన్ల దగ్గర, టైర్ల నిరోధం 130 దగ్గర వస్తుంది. 440 న్యూటన్లను సెకనుకు 27.8 మీటర్లతో గుణిస్తే 12 కిలోవాట్ల పైచిలుకు. 16 హార్స్‌పవర్ చాలు. మిగతా 69 ఓవర్‌టేక్ చేసేటప్పుడూ ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడూ కాసేపు పనికొస్తాయి.

అందుకే కారు హార్స్‌పవర్‌నూ, పంపు మోటారు హార్స్‌పవర్‌నూ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకటి కాసేపటి గరిష్టం, ఇంకోటి నిలకడ. గుర్రంతో పోల్చేటప్పుడు కూడా ఇదే గందరగోళం. కారు గరిష్టాన్ని గుర్రం రోజంతా చేసే పనితో పోల్చి, నా కారులో 85 గుర్రాలున్నాయి అంటాం. గరిష్టాన్ని గరిష్టంతో పోలిస్తే అవి ఆరు గుర్రాలు కూడా కావు.

ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక మా రంగంలోనే దీన్ని ఒప్పుకోవాల్సి వచ్చింది. ఐక్యరాజ్యసమితి 85వ నిబంధన ప్రకారం ఎలక్ట్రిక్ మోటారుకు నెట్ పవర్‌తో పాటు, 30 నిమిషాలపాటు నిలకడగా ఇవ్వగల గరిష్ట పవర్ కూడా కొలుస్తారు. రెండు అంకెల మధ్య తేడా చాలా ఉంటుంది.

ఇంకో తేడా. పెట్రోల్ ఇంజన్ నిలబడ్డచోట నుంచి బండిని లాగలేదు. క్లచ్, గేర్లు కావాలి. గుర్రం కదలకముందే పూర్తి బలంతో తోయగలదు. బురదలో కూరుకున్న బండిని గుర్రం పెకలిస్తే మనకు దాని శక్తి కారును మించినట్టు కనిపిస్తుంది. అక్కడ కనిపించేది బలం. పవర్ లెక్క వేరే: చక్రం కదలనంతసేపు హార్స్‌పవర్ సున్నా.

కోనసీమ_కుర్రాడు

అన్నా, ఆ ఆరు గుర్రాల లెక్క భలే ఉంది. 85ను 14.9తో భాగిస్తే 5.7. మా రూమ్మేట్ బైకు 18 హార్స్‌పవర్, అంటే ఒకటింబావు గుర్రం. వాడికి చెప్పాను, ఒప్పుకోవడం లేదు.

గిత్తలజోడి

ఇంతసేపూ గుర్రాల మాటే. మా ప్రకాశం జిల్లాలో పొలం దున్నింది గుర్రాలు కాదు కదా. ఎద్దుల సంగతి కూడా చెప్పండి. మాది బండలాగుడు పోటీలకు ఎడ్లను తయారుచేసే ఇల్లు. మా నాన్న తరం నుంచి ఉంది. ఒంగోలు గిత్త ఎన్ని హార్స్‌పవర్? ఎప్పటి నుంచో అడగాలనుకుంటున్నాను, చెప్పేవాళ్లు దొరకలేదు.

పశువైద్యం

దున్నడానికి, బండికి కట్టే ఎడ్ల విషయంలో మన వ్యవసాయ ఇంజనీరింగ్ పుస్తకాల్లో ఉన్న అంచనా: మధ్యరకం ఎద్దుకు అర హార్స్‌పవర్, జతకు ఒకటి. బరువులో పదో వంతు అన్న సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. జత కలిపి 900 కిలోలనుకుంటే 90 కిలోల బలం, సెకనుకు 0.8 మీటర్ల నడక. 72 వస్తుంది, దాదాపు ఒక హార్స్‌పవర్. ఎద్దు గుర్రం కన్నా నెమ్మదిగా నడుస్తుంది, అక్కడే తేడా. లాగే బలంలో తీసిపోదు.

పోటీ గిత్త వేరే. ఏడాదంతా మేపు, నడక, సాధన ఉంటాయి. దాన్ని దుక్కి ఎద్దుతో పోల్చకూడదు.

లెక్కల_మాస్టారు

గిత్తలజోడి గారూ, ఒక ఉదాహరణ తీసుకుని వేద్దాం. బండ 1,500 కిలోలు అనుకుందాం, 20 నిమిషాల్లో 3,000 అడుగులు లాగాయనుకుందాం. 3,000 అడుగులంటే 914 మీటర్లు. సెకనుకు 0.76 మీటర్లు. ఇక బలం. బండను ఎత్తడం లేదు, నేల మీద ఈడుస్తున్నాయి. కాబట్టి బరువులో ఎంత భాగం రాపిడిగా అడ్డుపడుతుందో తెలియాలి. 0.4 అనుకుంటే 5,880 న్యూటన్లు. గుణిస్తే 4,480 వాట్లు. జతకు 6 హార్స్‌పవర్, ఒక్కో గిత్తకు 3.

రాపిడి 0.6 అయితే జతకు 9 అవుతుంది. మొత్తం ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉంది.

గిత్తలజోడి

మాస్టారూ, చాలా సంతోషం. కానీ రాపిడి మా బరిలో ఒక్క తీరుగా ఉండదు. మొదటి జత లాగినప్పుడు నేల గట్టిగా ఉంటుంది. పది జతలు లాగాక మెత్తబడి దుమ్ము లేస్తుంది, బండ ముందు మట్టి పోగవుతుంది. నీళ్లు చల్లితే ఇంకో తీరు. చివర తిప్పుకునే చోట ఎడ్లు కాస్త ఊపిరి పీల్చుకుంటాయి. మళ్లీ కదిలించేటప్పుడు పడే కష్టం మామూలు లాగుడు కంటే చాలా ఎక్కువ. తాడు బిగుసుకుని బండ కదిలే ఆ క్షణంలోనే మంచి జత ఏదో తెలిసిపోతుంది.

లెక్కల_మాస్టారు

నిలబడ్డ బండను కదిలించే రాపిడి ఎప్పుడూ ఎక్కువే. మీరు చెప్పిన క్షణంలో వేగం సున్నా నుంచి మొదలవుతుంది, బలం గరిష్టంగా ఉంటుంది. అయోవాలోనూ ఈ రాపిడి గొడవ వల్లే బండలను వదిలేసి డైనమోమీటర్ పెట్టారు. నేల ఎలా ఉన్నా లాగిన బలం ఎంతో యంత్రమే చూపిస్తుంది. బండలాగుడులోనూ అది చేస్తే నిజమైన అంకె వస్తుంది. అంతవరకు నా 6, 9 అన్నవి అనుకున్నవే.

పశువైద్యం

అంచనాగానైనా 3 హార్స్‌పవర్ నాకు అసంభవం అనిపించదు. 20 నిమిషాలంటే దుక్కి పనికన్నా చాలా తక్కువ సమయం, సెకన్ల పోటీకన్నా చాలా ఎక్కువ. అర నుంచి ఆరింతలు పెరగడం కుదురుతుంది.

ఒక్కమాట మాత్రం గట్టిగా చెప్పాలి. ఆ ఆరింతలు కొరడాతో, ముల్లుకర్రతో రాబట్టేది కాకూడదు. వేడి రోజున అలిసిన ఎద్దును బెదిరించి లాగిస్తే అది తన హద్దు దాటి లాగుతుంది, తర్వాత కోలుకోదు. గిత్తలను ఇంట్లో పిల్లల్లా చూసుకునేవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు, చూసేవాళ్లకు చెప్పాలి. బరి బయట అరుపులూ కేకలూ పెట్టేది వాళ్లే.

గిత్తలజోడి

నిజం డాక్టర్ గారూ. మా నాన్న ముల్లుకర్ర పట్టనిచ్చేవాడు కాదు.

మోటార్_వైండింగ్

ఎడ్ల మాట వచ్చింది కాబట్టి మోట గురించి. కరెంటు రాకముందు మా తాత బావి మీద మోట తోలేవాడట. తోలు సంచీతో నీళ్లు. ఒక్కో తోడుకు 150 లీటర్లు, లోతు 9 మీటర్లు, నిమిషానికి ఒక తోడు అనుకుంటే నీటికి చేరే పని 220 వాట్లు. హార్స్‌పవర్‌లో మూడో వంతు కన్నా తక్కువ. ఎడ్లు ఖాళీగా వెనక్కి నడిచే సమయం, తాడు, గిలక, కారిపోయే నీళ్లు, అన్నీ అందులో పోతాయి. పైగా ఒకే జత పొద్దంతా తోలదు, రెండో జత ఉండాలి.

ఐదు హెచ్‌పీ మోటారుకు పంపు సామర్థ్యం 60 శాతం వేసుకున్నా నీటికి 2,200 వాట్లు చేరుతుంది. మోటకు పది రెట్లు. కరెంటు ఉన్నంతసేపు ఆగదు. ఐదు గుర్రాలే అని ప్లేటు మీద ఉన్నా పది జతల పని ఎలా చేస్తోందో మా తాతకు ఆశ్చర్యంగా ఉండేదట.

చరిత్రప్రియ

అన్నా, ఆ రెండో జత మాట చాలా ముఖ్యం. వాట్‌కు ఎంతో ముందు, 1702లో ఆవిరితో నీళ్లు తోడే ఇంజన్ చేసిన థామస్ సేవరీ తన పుస్తకంలో దీన్నే రాశాడు. రెండు గుర్రాలు ఒకేసారి లాగే పని ఆగకుండా సాగాలంటే దొడ్లో పది, పన్నెండు గుర్రాలను మేపాలి, కాబట్టి తన ఇంజన్‌ను వాటన్నిటితో పోల్చాలి అన్నాడు. వాట్ ఆ దారిన పోలేదు. ఆ క్షణంలో కాడి కింద ఉన్న గుర్రాన్నే లెక్కించాడు. సేవరీ పద్ధతిలో లెక్కిస్తే ప్రతి ఇంజన్ హార్స్‌పవర్ ఐదారు రెట్లు పెరిగి ఉండేది. అమ్మకాల కోసం అంకెలు పెంచే మనిషైతే ఆ దారే పట్టేవాడు.

కొన్నవాళ్లు మాత్రం దొడ్డినే చూసుకున్నారు. లండన్‌లో విట్‌బ్రెడ్ బీరు కంపెనీ 1785లో గుర్రాల చక్రం తీసేసి వాట్ ఇంజన్ పెట్టింది. దాన్ని చూడటానికి 1787లో మూడో జార్జ్ రాజు స్వయంగా వచ్చాడు. ఆ ఇంజన్ 1887 దాకా నడిచింది. ఇప్పుడు సిడ్నీలో పవర్‌హౌస్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. అటువైపు ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా చూసి ఉంటే ఇక్కడ రాయండి, నాకు చాలా ఆసక్తి.

గుర్రం అంత తేలిగ్గా వదలలేదు కూడా. 1829లో రెయిన్‌హిల్‌లో రైలింజన్ల పోటీ పెడితే, స్టీఫెన్సన్ల ఆవిరి ఇంజన్ రాకెట్‌తో పాటు సైక్లోపెడ్ అనే బండి కూడా వచ్చింది. అందులో ఆవిరి లేదు. బండి మీద కదిలే పట్టీ, దాని మీద నడిచే గుర్రం. అది మధ్యలోనే తప్పుకుంది, రాకెట్ గెలిచింది.

సూటిమాట

చర్చ బాగుంది, నా సందేహాలు చాలావరకు తీరాయి. అయినా ఒక మాట అంటాను. ఇంత గందరగోళం పెట్టే కొలత ఎందుకు? యూరప్‌లో 2010 నుంచి హార్స్‌పవర్‌ను కిలోవాట్ పక్కన అదనంగా మాత్రమే రాయాలి. అక్కడి హార్స్‌పవర్ 735.5 వాట్లు, ఇంగ్లిష్ వాళ్లది 745.7, మోటార్లకు 746. ఒక్క పేరుకు మూడు విలువలు. కిలోవాట్ వాడితే ఏ గుర్రమూ మధ్యలో రాదు.

డెట్రాయిట్_తెలుగు

మీరన్నది టెస్టింగ్ చేసేవాళ్లుగా మేమూ అంటాం, మా రిపోర్టులన్నీ కిలోవాట్లలోనే. కానీ కిలోవాట్ రాసినా ఎంతసేపు అన్న ప్రశ్న పోదు. 100 కిలోవాట్ల కారు అన్నా, 134 హార్స్‌పవర్ అన్నా, అది పది సెకన్లకా అరగంటకా అని అడగాల్సిందే. పేరు మార్చితే ఆ సమస్య తీరదు.

మోటార్_వైండింగ్

మా దగ్గర రైతు ఐదు హెచ్‌పీ అంటే బోరు లోతు, పైపు సైజు, స్టార్టరు, అన్నీ అందులోనే మాట్లాడేస్తాడు. 3.7 అంటే మళ్లీ మొదటి నుంచి చెప్పాలి. ప్లేటు మీద రెండూ ఉన్నాయి, ఎవరికి కావాల్సింది వాళ్లు చదువుకుంటారు.

గిత్తలజోడి

ఈసారి మా ఊళ్లో బండలాగుడు సాధన మొదలయ్యాక నేను కొలిపిస్తాను. బండకూ కాడికీ మధ్య తాడులో పెట్టే యంత్రం ఎక్కడ దొరుకుతుంది? ఎడ్లకు ఇబ్బంది లేకుండా ఉండాలి.

లెక్కల_మాస్టారు

లోడ్ సెల్ అంటారు. మీకు కనీసం రెండు టన్నుల లాగుడు తట్టుకునేది కావాలి, కదిలించే క్షణంలో బలం ఒక్కసారిగా పెరుగుతుంది కాబట్టి. సెకనుకు కనీసం పదిసార్లు నమోదు చేసేది చూడండి. బాపట్లలో వ్యవసాయ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, అక్కడ అడిగితే ఇలాంటివి తెలిసినవాళ్లు ఉంటారు. దూరం కోసం ఫోన్ జీపీఎస్ వద్దు, ఇంత తక్కువ దూరానికి సరిగా చూపదు. అడుగులు గుర్తుపెట్టి వీడియో తీయండి, సమయం అందులోంచి తీసుకుందాం.

పశువైద్యం

నన్నూ పిలవండి. లాగకముందు, ఆపిన వెంటనే, తర్వాత పది నిమిషాలకు గుండె వేగం, ఒంటి వేడి చూస్తాను. తాడులో బలం ఎంతో యంత్రం చెబుతుంది, గిత్త ఎంత కష్టపడిందో దాన్నే చూసి తెలుసుకోవాలి. పొద్దున ఎండెక్కకముందు పెట్టుకుందాం.

కోనసీమ_కుర్రాడు

వీడియో పని నాకివ్వండి. లోడ్ సెల్ డేటా లాప్‌టాప్‌లోకి ఎక్కించడం మా రూమ్మేట్ చూసుకుంటాడు, వాడు ఎలక్ట్రానిక్స్. తేదీ ఖాయం కాగానే ఇక్కడే రాయండి, బస్సు చూసుకుంటాం.